ఫొటోగ్రఫీ గ్రూపులో ఫీడ్‌బ్యాక్: ఎలా అడగాలి, ఎలా చెప్పాలి, ఎలా తీసుకోవాలి

ఫొటో తీసిన మనిషి దాన్ని చూస్తున్నప్పుడు ఫొటో ఒక్కటే కనిపించదు. ఆ రోజు తెల్లవారకముందే లేచిన సంగతి, కొండెక్కిన ఆయాసం, ఎదురుగా ఉన్న పిల్లవాడు నవ్విన చప్పుడు, అన్నీ గుర్తుకొస్తాయి. చూసేవాళ్లకు ఇవేవీ తెలియవు. వాళ్ల ముందున్నది నాలుగు అంచుల మధ్య ఉన్న బొమ్మ, అంతే. గ్రూపుకున్న అసలు విలువ ఈ తేడాలోనే ఉంది. తీసినవాళ్లు ఎంత ప్రయత్నించినా తమ ఫొటోను మొదటిసారి చూడలేరు. మిగతా సభ్యులు చూడగలరు. అందుకే ఫీడ్‌బ్యాక్‌లో మొదటి పని మీ కంటికి ఏం కనిపించిందో తీసినవాళ్లకు చేరవేయడం. బాగుందా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

చాలా గ్రూపుల్లో ఇది జరగదు. ‘సూపర్’, ‘అదిరింది’, నాలుగు చప్పట్ల ఎమోజీలు. లేదంటే ఏ సీనియరో ‘ఇందులో ఏముంది?’ అని ఒక్క మాటలో కొట్టిపారేస్తారు. మొదటిది విన్నవాళ్లకు నేర్చుకోవడానికి ఏమీ దొరకదు. రెండోది విన్నవాళ్లు ఇంకోసారి ఫొటో పెట్టరు. మొహమాటంతో నీళ్లు నమిలినా ఉపయోగం లేదు. ఫొటోలో ఉన్నదాన్ని వేలు పెట్టి చూపిస్తూ మాట్లాడాలి. ఇది పుట్టుకతో వచ్చే ప్రతిభేమీ కాదు, ఎవరైనా సాధనతో నేర్చుకోవచ్చు.

మొదటి మెట్టు: సరిగ్గా అడగండి

ఫీడ్‌బ్యాక్ బాగుండాలంటే సగం బాధ్యత అడిగేవాళ్లదే. ఒకేసారి పదిహేను ఫొటోలు పెట్టి ‘ఎలా ఉన్నాయి?’ అంటే ఎవరూ ఏదీ సరిగ్గా చూడరు. ఒక్కటి పెట్టండి. రెండింట్లో ఏది ఎంచుకోవాలో తేలకపోతే ఆ రెండే పెట్టండి. ఎంపికలో సాయం అడగడం కూడా మంచి ప్రశ్నే.

ప్రశ్న ఎంత సూటిగా ఉంటే జవాబు అంత పనికొస్తుంది. ‘ముఖం మీద నీడ ఎక్కువైందా?’, ‘వెనక ఉన్న మనిషి దృష్టి మళ్లిస్తున్నాడా?’, ‘బ్లాక్ అండ్ వైట్ చేయడం వల్ల ఏమైనా పోయిందా?’ లాంటివి అడగండి. మీరు ఏ స్థాయిలో మాటలు వినడానికి సిద్ధంగా ఉన్నారో కూడా చెప్పండి. ‘ఇది పోటీకి పంపాలనుకుంటున్నాను, చిన్న లోపం కూడా వదలకండి’ అనడం వేరు, ‘కెమెరా కొని నెలే అయింది, తర్వాత ఏం నేర్చుకోవాలో చెప్పండి’ అనడం వేరు.

ఫొటో వెనక కథను మాత్రం ముందే చెప్పకండి. నేను గట్టిగా నమ్మే విషయమిది. ‘మా తాతయ్య చివరి పుట్టినరోజున తీసింది’ అని శీర్షిక పెట్టారంటే, ఆ తర్వాత ఎవరికీ ఫొటో కనిపించదు, తాతయ్యే కనిపిస్తారు. లోపం చెప్పడానికి నోరు రాదు. ముందు వాళ్లు చూడనివ్వండి, తమకు ఏం అర్థమైందో చెప్పనివ్వండి. ఆ తర్వాత మీ ఉద్దేశం చెప్పండి. మీరు అనుకున్నదానికీ వాళ్లకు అందినదానికీ ఎంత దూరం ఉందో అప్పుడే తెలుస్తుంది. అలాగే ‘ఏదో ఊరికే తీశాను, అంత బాగాలేదు’ అని ముందే తగ్గించుకోకండి. దానివల్ల వచ్చేవి ఓదార్పు మాటలే.

ఫైల్ విషయంలో రెండు జాగ్రత్తలు. మెసేజింగ్ యాప్‌లు మామూలుగా పంపిన ఫొటోను బాగా కుదించేస్తాయి, సన్నని వివరాలు నలిగిపోతాయి. కాబట్టి డాక్యుమెంట్ రూపంలో పంపండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు రంగుల ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీగా (sRGB, చాలా తెరలకు సరిపడే రంగుల ప్రమాణం) పెట్టండి. అడోబీ ఆర్‌జీబీలో ఉన్న ఫైల్ కొన్ని యాప్‌లలో వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు ఫొటోలో లేని లోపం మీద చర్చ జరుగుతుంది. షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంది), అపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుంది), ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి), ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత దగ్గరగా చూపిస్తుంది) వివరాలు ఫైల్‌లో ఉంచితే చెప్పేవాళ్లకు చాలా సాయం. కానీ అదే ఫైల్‌లో జీపీఎస్ లొకేషన్ కూడా దాగి ఉండొచ్చు. పిల్లల ఫొటోలు, ఇంటి ఫొటోలు, పక్షి గూళ్ల ఫొటోలు పంపేముందు దాన్ని తీసేయండి.

రెండో మెట్టు: నోరు తెరిచేముందు చూడండి

ఒక అర నిమిషం ఏమీ రాయకుండా, మాట్లాడకుండా చూడండి. తక్కువ సమయమే అనిపిస్తుంది కానీ, స్క్రోల్ చేస్తూ ఒక్కో ఫొటో మీద రెండు సెకన్లు ఆగే అలవాటున్న కంటికి అది చాలా ఎక్కువ. చూసేముందు ఫోన్ తెరకు పెట్టే నైట్ లైట్ (నైట్ షిఫ్ట్) ఆపేయండి. అది తెరను పసుపు రంగులోకి తిప్పుతుంది, మీరేమో ‘వైట్ బ్యాలెన్స్ తేడాగా ఉంది’ అంటారు. బ్రైట్‌నెస్ బాగా తగ్గించి ఉంటే ప్రతి ఫొటో అండర్ ఎక్స్‌పోజ్ అయినట్టే, అంటే వెలుగు చాలనట్టే ఉంటుంది.

మొదట ఫొటోను చిన్న సైజులో చూడండి. వెలుగు, చీకటి ఎలా పంచుకున్నాయో, సబ్జెక్ట్ (ఫొటోలో ముఖ్యమైన మనిషి లేదా వస్తువు) విడిగా కనిపిస్తోందో లేదో చిన్న సైజులోనే బాగా తెలుస్తుంది. తర్వాత పెద్దది చేసి, మీ చూపు మొదట ఎక్కడ వాలింది, తర్వాత ఎటు పోయింది, ఎక్కడ ఫ్రేమ్ దాటి బయటికి జారింది అన్నది గమనించండి. మామూలుగా కన్ను మిగతావాటికంటే వెలుగుగా ఉన్న చోటికి, మనిషి ముఖానికి, అక్షరాలకు, ఎరుపు లాంటి గాఢమైన రంగుకు ముందు పోతుంది. అది సబ్జెక్ట్ అయితే సరే. ఎక్కడో మూలనున్న బోర్డయితే అది చెప్పాల్సిన సంగతి. ఆ తర్వాత నాలుగు అంచుల వెంటా ఒకసారి చూపు తిప్పండి. సగం తెగిన చెయ్యి, చొరబడిన కొమ్మ, తల వెనక నుంచి మొలిచినట్టున్న స్తంభం తీసేటప్పుడు కనపడవు. ఫోకస్, నాయిస్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) చూడటానికి వంద శాతం జూమ్ చేయడం చివరి పని. దాంతోనే మొదలుపెట్టినవాళ్లు ఫొటోను వదిలేసి పిక్సెళ్లను విమర్శిస్తారు.

కంపోజిషన్ (ఫ్రేమ్‌లో అన్నిటి అమరిక) గురించి ఎటూ తేల్చుకోలేకపోతే ఫొటోను తలకిందులు చేసి చూడండి. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సాన్‌కు ఈ అలవాటుండేది. అలా తిప్పితే ఇది చెట్టు, ఇది మనిషి అన్న గుర్తింపు వెనక్కిపోయి, ఆకారాలూ వాటి బరువూ పైకి తేలతాయి.

మూడో మెట్టు: కనిపించింది, కలిగింది, చేయగలిగింది

అమెరికన్ కళా బోధకుడు ఎడ్మండ్ ఫెల్డ్‌మన్ కళా విమర్శకు నాలుగు దశలు చెప్పారు: ముందు వర్ణన, తర్వాత విశ్లేషణ, ఆపైన అర్థం, చిట్టచివర తీర్పు. మనలో చాలామంది చివరి దశతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. గ్రూపు అవసరానికి దీన్ని కాస్త మార్చుకుంటే మూడు మాటలు మిగులుతాయి. ఏం కనిపించింది, దానివల్ల నాకేం కలిగింది, ఏం చేసి చూడొచ్చు.

ఒక ఉదాహరణ అనుకుందాం. కిటికీ పక్కన కూర్చుని పుస్తకం చదువుతున్న పెద్దావిడ ఫొటో. ‘లైటింగ్ సూపర్, కానీ బ్యాక్‌గ్రౌండ్ బాగాలేదు’ అన్నారు ఒకరు. ఇది తప్పు కాదు, కానీ తీసినామె దీంతో ఏం చేయగలదు? లైటింగ్‌లో ఏది సూపరో, బ్యాక్‌గ్రౌండ్‌లో ఏది బాగాలేదో తెలియదు. ఇప్పుడు ఇదే సంగతి ఇంకోలా:

‘నా చూపు మొదట ఆమె చేతుల మీద ఆగింది. కిటికీ వెలుగు పక్క నుంచి పడటం వల్ల వేళ్ల మీది ముడతలన్నీ తెలుస్తున్నాయి. అక్కడి నుంచి ముఖం వైపు వెళ్లబోతుంటే కుడి మూలన ఉన్న ఎర్ర సంచి లాగేస్తోంది. ఆమె ఏకాంతాన్ని చూపించాలన్నది మీ ఉద్దేశమైతే ఆ సంచి దానికి అడ్డు. కుడివైపు క్రాప్ చేస్తే సంచి పోతుంది కానీ కుర్చీ చెయ్యి కూడా తెగుతుంది. అందుకని ఆ మూల రంగు తగ్గించి, కాస్త చీకటి చేసి చూడండి. మళ్లీ తీసే వీలుంటే సంచిని పక్కన పెట్టించడం అన్నిటికన్నా తేలిక.’

ఇందులో మెప్పు ఉంది, కానీ కారణంతో ఉంది. లోపం ఉంది, కానీ ఎక్కడో చూపించారు. ‘మీ ఉద్దేశమైతే’ అన్న మాట చిన్నదే గానీ, దానివల్ల నిర్ణయం తీసినామె చేతుల్లోనే ఉండిపోయింది. బహుశా ఆ సంచి ఆమె కావాలనే ఉంచి ఉండొచ్చు.

మెప్పుకు కారణం చెప్పడం గురించి ఇంకో మాట. ఏది పనిచేసిందో తెలియకపోతే కొత్తవాళ్లు తమ బలాన్నే పొరపాటున వదిలేస్తారు. పక్క నుంచి వచ్చే వెలుగు వల్ల ముడతలు తెలిశాయని విన్న మనిషి ఇంకోసారి ఆ వెలుగును వెతుక్కుంటుంది. కాబట్టి చేదు మాటకు ముందు తీపి పూతలా కాకుండా, నిజంగా ఉపయోగపడే సమాచారంగా మెచ్చుకోండి. మెచ్చుకోదగ్గది కనపడకపోతే కల్పించకండి. ‘మీరు దేన్ని చూసి కెమెరా ఎత్తారు?’ అని అడగండి. జవాబులోంచి చాలాసార్లు ఫొటోలో దాగిన బలం బయటపడుతుంది.

ఒక ఫొటోకు ఒకటి, మహా అయితే రెండు సూచనలు చాలు. తొమ్మిది లోపాలు కనిపించినా సరే. ఏది మారితే ఫొటో ఎక్కువ బాగుపడుతుందో అది చెప్పి ఆగిపోండి.

నాలుగో మెట్టు: లోపాన్ని సరిగ్గా గుర్తించండి

‘షార్ప్‌గా లేదు’ అనేది గ్రూపుల్లో తరచుగా వినిపించే మాట. జబ్బేమిటో తేల్చకుండా మందు రాసినట్టు, దాని వెంటనే ‘ట్రైపాడ్ వాడండి’ అన్న సలహా వస్తుంది. మసకకు కారణాలు వేర్వేరు, పరిష్కారాలూ వేర్వేరు. కొంచెం ఓపికగా చూస్తే ఫొటోలోనే ఆనవాళ్లు దొరుకుతాయి.

ఫ్రేమ్ అంతా ఒకే దిశలో సాగినట్టుంటే, దీపాల లాంటి చుక్కలన్నీ ఒకే రకమైన గీతలుగా మారి ఉంటే, కెమెరా కదిలింది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడ్ కనీసం ఫోకల్ లెంగ్త్‌కు తగ్గట్టు ఉండాలన్నది పాత లెక్క. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 200 ఎంఎం లెన్స్‌కు సెకనులో 1/200 వంతు, 1.5 క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మీద అదే లెన్స్‌కు సుమారు 1/300, అంటే కెమెరాలో 1/320. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఉంటే ఇంకా తక్కువలోనూ నెట్టుకురావచ్చు.

నేల, గోడ అన్నీ స్పష్టంగా ఉండి, నడుస్తున్న కాళ్లో ఊపుతున్న చెయ్యో మాత్రమే చెదిరి ఉంటే, కదిలింది సబ్జెక్ట్. దీనికి ట్రైపాడ్ పనికిరాదు, స్టెబిలైజేషనూ పనికిరాదు. షట్టర్ స్పీడ్ పెంచడమే దారి. నడిచే మనిషికి 1/250 దగ్గర మొదలుపెట్టొచ్చు, పరుగెత్తేవాళ్లకు 1/500 నుంచి 1/1000, ఎగిరే పక్షులకు 1/1600 లేదా ఇంకా ఎక్కువ.

కళ్లు మసకగా ఉండి చెవులో చొక్కా బొత్తాలో స్పష్టంగా ఉంటే ఫోకస్ వేరేచోట పడింది. ఇక్కడ మాట్లాడాల్సింది ఫోకస్ పాయింట్ గురించి, అపర్చర్ గురించి. ఇవేవీ కాకుండా మొత్తం పొగ కమ్మినట్టుండి, దీపాల చుట్టూ చారలు కనిపిస్తే, ముఖ్యంగా ఫోన్ ఫొటో అయితే, లెన్స్ మీద వేలిముద్ర ఉండి ఉంటుంది. తుడిస్తే పోతుంది.

వెలుగు విషయంలోనూ అంతే. ఆకాశం తెల్లగా ఉండటం వేరు, అందులో వివరం పూర్తిగా పోవడం వేరు. హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగు స్థాయిల గ్రాఫ్) కుడి గోడకు అతుక్కుపోయి ఉంటే హైలైట్స్, అంటే బాగా వెలుగున్న భాగాల వివరాలు పోయాయని అర్థం. రా ఫైల్‌లో (సెన్సర్ పట్టిన సమాచారాన్ని అలాగే దాచే ఫైల్) కొంత వెనక్కి తేవచ్చు, జేపెగ్‌లో దాదాపు ఏమీ రాదు. కాబట్టి సూచన ఇచ్చేముందు రా ఉందా అని అడగండి. ‘భవనం వంకరగా ఉంది’ అనేముందు రెండింటినీ విడదీయండి. హొరైజన్ (దిగంత రేఖ) వాలిపోయిందా, లేక కెమెరా పైకెత్తడం వల్ల గోడలు పైన దగ్గరికొచ్చాయా? మొదటిది తిప్పితే సరిపోతుంది, రెండోదానికి పర్‌స్పెక్టివ్ సవరణ కావాలి లేదా దూరం వెళ్లి తీయాలి. వస్తువుల అంచుల చుట్టూ తెల్లటి గీత కనిపిస్తే ఎడిటింగ్‌లో అంచులను పదును చేసే షార్పెనింగో క్లారిటీయో ఎక్కువైనట్టు.

కావాలని చేసినదాన్ని లోపమనుకునే ప్రమాదం కూడా ఉంది. 1/30 దగ్గర కెమెరాను సైకిల్‌తో పాటు తిప్పుతూ తీసిన ఫొటోలో వెనకంతా చెదిరిపోవడమే దాని అందం. సిల్హౌట్‌లో (వెలుగుకు ఎదురుగా మనిషిని నల్లటి ఆకారంగా చూపే ఫొటోలో) నల్లటి ముఖం తప్పు కాదు.

‘రూల్ ఆఫ్ థర్డ్స్ పాటించలేదు’ అనే మాటను గ్రూపులో వాడకపోతే మంచిదని నా అభిప్రాయం. ఫ్రేమ్‌ను అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలుగా ఊహించుకుని, సబ్జెక్ట్‌ను మధ్యలో కాకుండా ఆ గీతల మీద ఉంచాలనే ఈ మూడో వంతు సూత్రాన్ని జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1797లో పెయింటింగ్‌ల గురించి చెబుతూ రాశాడు. ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన ఫ్రాన్స్‌కు చెందిన నియెప్స్ కెమెరాతో తీసిన, ఇప్పటికీ మిగిలి ఉన్న తొలి ఫొటో 1826-27 నాటిది. అంటే ఫొటోగ్రఫీ పుట్టకముందు చిత్రకారులకు చెప్పిన సలహా అది. దాన్ని చట్టంలా వాడితే చూడటం ఆగిపోతుంది. ‘సబ్జెక్ట్ మధ్యలో ఉండటం వల్ల, అతను చూస్తున్న వైపు ఖాళీ చాలలేదనిపించింది’ అంటే అందులో నిజంగా ఒక పరిశీలన ఉంది.

ఐదో మెట్టు: సలహా ఏ దశకు చెందిందో చెప్పండి

ప్రతి సలహా మూడు చోట్లలో ఒకదానికి చెందుతుంది: తీసేటప్పుడు, ఎడిటింగ్‌లో, ఎంపికలో. ‘రెండడుగులు ఎడమకు జరిగి ఉంటే స్తంభం తల వెనక పడేది కాదు’ అన్నది ఈ ఫొటోకు పనికిరాదు, వచ్చే ఫొటోకు పనికొస్తుంది. ఆ సంగతి స్పష్టంగా చెబితే వినేవాళ్లు ఉన్న ఫైల్‌తో కుస్తీ పట్టకుండా ఉంటారు. ‘ఇదే సీన్‌లో ఇంకో ఫ్రేమ్ ఉందా?’ అన్న ప్రశ్న చాలామందికి తట్టదు గానీ, పక్క ఫ్రేమే మెరుగ్గా ఉండటం మామూలే. ‘మంచి లెన్స్ కొనండి’ అన్నది మాత్రం ఏ దశకూ చెందని మాట.

ఎదుటివాళ్ల ఫొటోను మీరే ఎడిట్ చేసి చూపించాలనిపిస్తే ముందు అడగండి. ఒప్పుకుంటే మాటల కన్నా అదే మేలు, క్రాప్ విషయంలో మరీను. అడగకుండా చేస్తే ‘నీకు రాదు, నేను చూపిస్తా’ అన్నట్టే వినిపిస్తుంది.

ఫొటోలో ఉన్న మనిషి రూపం మీద, రంగు మీద, ఒంటి మీద వ్యాఖ్యలు వద్దు. వెలుతురు గురించి, భంగిమ గురించి మాట్లాడండి. అనుమతి లేకుండా తీశారేమో, గూటి దగ్గరికి మరీ వెళ్లారేమో అన్న అనుమానం వస్తే అందరి ముందూ నిలదీయకుండా విడిగా అడగండి.

ఆరో మెట్టు: తీసుకోవడం

చెప్పడం కన్నా ఇది కష్టం. మన ఫొటో మీద మాట పడగానే లోపల ఏదో బిగుసుకుంటుంది, వెంటనే వివరణ బయటికొస్తుంది: ‘అక్కడ స్థలం లేదు’, ‘క్షణంలో జరిగిపోయింది’, ‘వర్షం పడుతోంది’. అన్నీ నిజమే కావచ్చు. కానీ ఫొటో చూసే ప్రతి ఒక్కరి పక్కనా నిలబడి ఆ వివరణ ఇవ్వలేరు కదా. అందుకని మొదటి విడత అయ్యేదాకా ఏమీ అనకండి. చెప్పినవాటిని చెప్పిన మాటల్లోనే రాసుకోండి. అర్థం కానిది ఉంటే ఒక్క ప్రశ్న అడగండి. ‘బిజీగా ఉందన్నారు, ఏ భాగం?’ అన్నది ప్రశ్న. ‘బిజీగా ఎక్కడుంది?’ అన్నది వాదన.

ఆ రోజే ఫైల్ తెరిచి మార్చకండి. ఒకటి రెండు రోజులు ఆగి, రాసుకున్నవాటిని విడదీయండి. కొన్ని పరిశీలనలు: ‘కన్ను మూలకు పోయింది’. కొన్ని ఇష్టాలు: ‘నాకైతే బ్లాక్ అండ్ వైట్ నచ్చుతుంది’. కొన్ని ఊహలు: ‘ఫ్లాష్ వాడినట్టున్నారు’. పరిశీలనలకు ఎక్కువ విలువ ఇవ్వండి. ఎవరి కన్ను ఎటు పోయిందన్నది కాదనలేం. ఇష్టాలను చెప్పిన మనిషిని బట్టి తూచండి. ఎప్పుడూ పక్షుల ఫొటోలే తీసే మనిషికి వీధి ఫొటోలోని గజిబిజి నచ్చకపోవచ్చు.

ముగ్గురు ఒకేచోట తడబడితే అక్కడ ఏదో ఉందనే అనుకోండి, వాళ్లు చెప్పిన మూడు పరిష్కారాలూ వేర్వేరైనా సరే. చూసేవాళ్లు ఇబ్బంది ఎక్కడుందో బాగా చెప్పగలరు, దాన్ని ఎలా తీర్చాలో మీకే బాగా తెలుస్తుంది. ఒకరు బాగుందన్నదాన్నే ఇంకొకరు తీసేయమంటే టెన్షన్ పడకండి. ఆ చోట ఫొటో బలంగా పనిచేస్తోందని కూడా దానికి అర్థం కావచ్చు. మీ ఉద్దేశం దగ్గరికి ఒకసారి తిరిగి వెళ్లి, ఎవరి మాట దానికి దగ్గరగా ఉందో చూడండి. అన్నీ విన్నాక ‘లేదు, ఇలాగే ఉంచుతాను’ అనే హక్కు మీకుంది. కారణం మీకు తెలిసి ఉంటే చాలు.

కఠినంగా మాట్లాడే మనిషి మాటలోనూ ఒక్కోసారి పనికొచ్చే ముక్క ఉంటుంది. స్వరాన్ని పక్కన పెట్టి దాన్ని తీసుకోండి. కానీ విమర్శ ఫొటోను దాటి మీ మీదికి వస్తే ఓర్చుకోనవసరం లేదు. ‘ఫొటో గురించి చెప్పండి’ అని నిదానంగా అనేయండి, గ్రూపు నడిపేవాళ్లకు తెలియజేయండి.

ఏడో మెట్టు: గ్రూపుగా కూర్చున్నప్పుడు

అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన ఒక పద్ధతి ఫొటోలకు చక్కగా సరిపోతుంది. ముందు చూసినవాళ్లు తమను తాకిన విషయాలు చెబుతారు. తర్వాత సృష్టించినవాళ్లు ప్రశ్నలడుగుతారు. మూడో దశలో చూసినవాళ్లు ప్రశ్నలడుగుతారు, కానీ అందులో అభిప్రాయం దాగి ఉండకూడదు. చివరి దశలో అనుమతి తీసుకుని అభిప్రాయం చెబుతారు: ‘బ్యాక్‌గ్రౌండ్ గురించి నాకొక అభిప్రాయం ఉంది, వింటారా?’

మూడో దశే అందరికీ కష్టం. ‘వెనకంత చీకటి ఎందుకు చేశారు?’ అన్నది ప్రశ్న వేషంలో ఉన్న తీర్పు. ‘వెనక ఉన్నది ఎంతవరకు కనిపించాలనుకున్నారు?’ అన్నది అసలు ప్రశ్న. ఇలా మార్చి అడగడం రెండు మూడు సమావేశాల్లో అలవాటవుతుంది, అలవాటయ్యాక గ్రూపు వాతావరణమే మారిపోతుంది.

మిగతావి చిన్న ఏర్పాట్లు. ఫొటోకు ఆరేడు నిమిషాలు పెట్టుకుంటే గంటలో ఎనిమిది, పది చూడొచ్చు. కొత్తవాళ్లు ముందు మాట్లాడాలి, అనుభవమున్నవాళ్లు చివర. లేకపోతే సీనియర్ చెప్పిందే అందరూ తిప్పి చెబుతారు. ఎవరు తీశారో మొదటి దశ అయ్యేదాకా చెప్పకుండా ఉంచడం కూడా మంచిది. మార్కులు వేయకండి. మార్కు పడగానే దాని వెనకున్న మాట ఎవరి చెవికీ ఎక్కదు. ఫోన్‌తో తీసిందా, ఖరీదైన కెమెరాతో తీసిందా అన్నది సలహాకు అవసరమైతేనే అడగండి.

ఎనిమిదో మెట్టు: తిరిగి రండి

సలహా పాటించి చూశాక ఫలితాన్ని మళ్లీ గ్రూపుకు తీసుకురండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ‘థాంక్యూ, ట్రై చేస్తాను’ అన్నాక ఏమైందో తెలియకపోతే, చెప్పినవాళ్లకు ఇంకోసారి అంత శ్రద్ధగా చూడాలనిపించదు. అసలు ఫైల్‌ను చెరపకుండా వర్చువల్ కాపీ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసుకునే నకలు) మీద మార్పులు చేయండి. పాతదీ కొత్తదీ ఒకే సైజులో పక్కపక్కన పెట్టి, ఎవరి సూచన మేరకు ఏం మార్చారో రాయండి. క్రాప్ చేశాక బిగువు వచ్చి ఊపిరాడటం పోయిందనిపిస్తే అదే రాయండి. సలహా ఇచ్చిన మనిషి కూడా కొత్తది చూసి ‘పాతదే మేలు’ అనుకుంటే వెంటనే చెప్పాలి. అప్పుడు పాత ఫైల్‌నే ఉంచుకుని, ఆ మూలనున్న సంచిని వచ్చేసారి తీసేముందే చూసుకోవచ్చు.